వాడి బదులు కాపలాలో ఎవరున్నారు?

హనుమకొండ

బిడ్డా,

సెలవు మీద ఇంటికొచ్చి మళ్లీ యుద్ధానికి పోబుద్ధి కాని సిపాయి మీద నువ్వు రాసి పంపిన కథ చదివాను. అందులో ఆ సిపాయి కూతురు వాళ్ల నాన్న ట్రంకు పెట్టె తాళంచెవిని వడ్ల గుమ్మి కింద దాచిపెడుతుంది. ఎక్కడ దాచిందో వాడికి తెలుసు. తెలిసి కూడా ఇల్లంతా వెతుకుతాడు. అక్కడ చదవడం ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను. అంత బాగా రాయగలిగినవాడివి, చివరి పేజీలో కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఆ జెండా ఎందుకు ఎగరేశావు? భార్య నోట ‘నీకు చీర కట్టి గాజులు తొడగనా’ అనే మాట ఎందుకు పెట్టావు? ఆ కోపం మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు అడిగిన పోటీల సంగతి, పుస్తకం వేయడం సంగతి ఇందులో ఉండవు.

ముందు ఆ భార్య. ఖడ్గ తిక్కన కథ మనకు చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నారు. నెల్లూరు మనుమసిద్ధి దగ్గర సేనాని. పుల్లరి తగాదాలో, అంటే పశువుల మేత పన్ను తగాదాలో, కాటమరాజు మీదికి పోయి, సేన దెబ్బతిని ఇంటికి తిరిగొస్తాడు. భార్య స్నానానికి మంచం అడ్డం పెట్టి నీళ్లతో పాటు పసుపు ముద్ద పెడుతుంది. తల్లి విరిగిన పాలు పోస్తుంది. తట్టుకోలేక అతను మళ్లీ యుద్ధానికి పోయి చనిపోతాడు. ఏడు వందల ఏళ్లు దాటినా మనవాళ్లు సిపాయి కథ రాస్తే ఆ పసుపు ముద్దనే తెచ్చి పెడుతున్నారు. ఆ కథలో నన్ను వేధించేది ఒకటుంది. అతను అక్కడ ఏం చూసి వెనక్కి వచ్చాడో ఇంట్లో ఒక్కరూ అడగరు. పక్కన ఎవరు పడిపోయారు? ఇల్లు చేరేదాకా దారిలో ఏమనుకుంటూ వచ్చాడు? చెప్పేవాళ్లకూ పట్టలేదు, వినేవాళ్లకూ పట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయిన మనిషికి కర్తవ్యపరుడని పేరు పెట్టి ఊరుకున్నాం. సిగ్గుపడి పోయేవాడు తన పరువు కాపాడుకోవడానికి పోతాడు. కర్తవ్యం ఇంకొకరి కోసం చేసేది. నీ కథ ఈ రెండింటినీ కలిపేసింది.

పరకాల వైపు, భూపాలపల్లి వైపు సిపాయిల ఇళ్లు నేను చాలా చూశాను. పోయే రోజు దగ్గర పడుతుంటే ఆ ఇళ్లలో ఆడవాళ్లు సకినాలు చేస్తారు, గరిజెలు చేస్తారు, మామిడికాయ తొక్కు డబ్బా మూతకు గుడ్డ కడతారు. ‘ఇంకో నాలుగు రోజులు లీవు పెంచరాదా’ అంటారు. పెద్ద సారుకు ఫోన్ చేసి అమ్మకు బాగలేదని చెప్పమంటారు. గాజులు తొడుగుతానని ఒక్క ఆడది అనగా నేను వినలేదు. మగ రచయితలు తాము చెప్పాలనుకున్న మాటను ఆమె చేత చెప్పిస్తున్నారు, అంతే. నువ్వు ఆ గుంపులో కలవకు.

మా తమ్ముడు మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో, పనిచేశాడు. బెంగళూరులో ట్రైనింగ్. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యాన్ని పాకిస్తాన్ సరిహద్దుకు తరలించారు, ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. 2002 అక్టోబర్ దాకా లక్షల మంది అక్కడే కాచుకుని కూర్చున్నారు. యుద్ధం రాలేదు. కానీ మందుపాతరలు పాతుతూ, మళ్లీ వాటిని తీస్తూ ఎంతోమంది చనిపోయారు, కాళ్లు పోగొట్టుకున్నారు. ఆ పని ఇంజనీర్లది, అంటే మా తమ్ముడి లాంటివాళ్లది. పాతినవి తీస్తున్న రోజుల్లోనే సంక్రాంతికి లీవు మీద వచ్చాడు. మా మిరప చేను గట్టు మీద నడుస్తుంటే అడుగు పెట్టే చోటే చూసుకుంటూ నడిచేవాడు. పుట్టి పెరిగిన చేను అది. పిల్లలు వెనక నుంచి పరుగెత్తుకొస్తే అరిచేవాడు.

ఒకరోజు బాయి దగ్గర ‘పోబుద్ధైతలేదక్కా’ అన్నాడు. ఆ మాట అన్నందుకు వాడేం సిగ్గుపడలేదు. ఆకలేస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. అమ్మ పోవద్దంది. నాన్న ఏమీ అనలేదు. లీవు అయిపోయింది, వాడు కదల్లేదు. ఎవరన్నా అడిగితే జ్వరం అని చెప్పుకున్నాం. కొన్ని రోజులకు అన్నం తింటూ తింటూ, ‘నేను పోకుంటే వాని లీవు ఆగుతది’ అన్నాడు. వాడంటే వాళ్ల సెక్షన్‌లోనే ఉండే ఒక తమిళ పిల్లగాడు. చెల్లెలి పెళ్లి పెట్టుకున్నాడట. యూనిట్‌లో అందరూ ఒక్కసారే సెలవు మీద పోలేరు. ఒకడు తిరిగొచ్చి రిపోర్టు చేస్తేనే లిస్టులో తర్వాతి పేరు కదులుతుంది. ఆ రాత్రే సామాన్లు సర్దుకున్నాడు. లేటుగా పోయినందుకు పేషీ చేసి, అంటే అధికారి ముందు నిలబెట్టి, కొన్నాళ్లు లైన్లు దాటకుండా కట్టడి చేశారట, ఎక్స్‌ట్రా గార్డు డ్యూటీ వేశారట. చెల్లెలి పెళ్లికి ఆ పిల్లగాడు అందుకున్నాడు. ఇదంతా జరుగుతున్నన్ని రోజులూ మా తమ్ముడు దేశం మాట ఎత్తలేదు. దేశం మీద ప్రేమ లేక కాదు. అన్నం పళ్లెం ముందు కూర్చున్న మనిషికి గుర్తొచ్చేది తన బదులు కాపలాలో నిలబడ్డవాడి మొహం.

నీ కథలో ఆ మొహం లేదు. పన్నెండు పేజీల్లో నీ సిపాయికి తోటి సిపాయి ఒక్కడు లేడు! బంకర్‌లో పక్కన పడుకునేవాడెవడు? వీడి కంబళి ఎవడు కప్పుకుంటున్నాడు? వీడి జీతం డబ్బులు ఇంటికి పంపడానికి ఫారం నింపిపెట్టింది ఎవడు? అది తెలియనిదే వీడు ఎందుకు పోవాలో నీకే తెలియదు. తెలియకనే జెండా తెచ్చావు.

యుద్ధాలు ఏ దేశంలో జరిగినా ఇదే కనిపిస్తుంది నాకు. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే బ్రిటిష్ అధికారి, పతకం వచ్చినవాడు, ఇక యుద్ధానికి పోనని రాసిచ్చాడు. అది వాళ్ల పార్లమెంటులో కూడా చదివారు. కోర్టు మార్షల్ చేయకుండా ఎడిన్‌బరో దగ్గర మానసిక చికిత్స చేసే ఆస్పత్రికి పంపారు. యుద్ధం గురించి తను అన్న మాట వెనక్కి తీసుకోలేదు, అయినా ఆఖరికి మళ్లీ పోయాడు. అక్కడ తన కింది సిపాయిలున్నారు, వాళ్లను వదిలి ఇక్కడ ఉండలేకపోయాడు. అతను అధికారి కాబట్టి డాక్టర్ దొరికాడు. అదే సైన్యంలో పారిపోయారని, పిరికితనం చూపారని, ఇట్లాంటి నేరాలు మోపి కాల్చి చంపిన 306 మందిలో దాదాపు అందరూ మామూలు సిపాయిలు. వాళ్లను క్షమించడానికి 2006 దాకా పట్టింది.

మనవాళ్ల సంగతి ఇంకా గుండె పిండుతుంది. 1914, 15లలో ఫ్రాన్స్‌కు పోయి గాయపడ్డ భారతీయ సిపాయిలకు ఇంగ్లాండులోని బ్రైటన్‌లో రాజభవనాన్నే ఆస్పత్రి చేసిపెట్టారు. గాయం మానగానే మళ్లీ యుద్ధంలోకి పంపేవారు. ఒకసారి దెబ్బతిన్నవాణ్ని మళ్లీ పంపడం ఏం న్యాయమని వాళ్లు ఇళ్లకు రాసుకున్నారు. సెన్సార్‌వాళ్లు చదివి అనువాదం చేయించిన ఆ ఉత్తరాలు లండన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఒకతను నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారని ఇంటికి రాశాడు. నల్లవంటే మన సిపాయిలు, ఎర్రవంటే తెల్లవాళ్లు. తమ్ముణ్ని సైన్యంలో చేరనివ్వకండని రాసినవాళ్లూ ఉన్నారు. తాము మాత్రం పక్కవాణ్ని వదలలేక ఆ మంచులో నిలబడే ఉన్నారు. ఇంటి తమ్ముడికి ఒకటి, పక్కనున్నవాడికి ఒకటి, రెండు బాధ్యతలు ఒకే గుండెలో కొట్టుకుంటుంటే రచయితకు జెండా ఎందుకు కావాలి చెప్పు?

వానలు పడకపోతే మా ఊళ్లో విరాటపర్వం చదివించేవారు. ఉత్తరకుమారుడు కౌరవసేనను చూసి రథం దిగి పరుగెత్తే చోట అందరూ నవ్వేవాళ్లు. నాకు నవ్వు వచ్చేది కాదు. అర్జునుడు వాణ్ని పట్టుకుని ఏం చేశాడో చూడు. తిట్టి పంపేయలేదు. పగ్గాలు చేతికిచ్చి నువ్వు రథం నడుపు, యుద్ధం నేను చేస్తానన్నాడు. భయం ఉన్నవాడికి పక్కన ఒక మనిషి, చేతికి ఒక పని దొరికాయి. నీ కథలో ఆ భార్య, ఆ సర్పంచు, ఆ రిటైర్డ్ మాస్టారు ఇంతమంది ఉపన్యాసాలు ఇచ్చారే, ఒక్కరు కూడా ఆ పని చేయలేదు.

ఇప్పుడు తప్పులు చెప్తాను. సెలవు అయిపోయిన మర్నాడే మిలిటరీ పోలీసులు జీపులో ఊరికి వచ్చినట్టు రాశావు. అట్లా జరగదు. 1950 ఆర్మీ చట్టంలో సెలవు దాటి ఉండిపోవడం 39వ సెక్షన్ కిందికి వస్తుంది, కోర్టు మార్షల్ దాకా పోతే 3 ఏళ్ల వరకు జైలు. పారిపోవడం 38వ సెక్షన్. యుద్ధరంగంలో ఉండగా అయితే దానికి మరణశిక్ష కూడా ఉంది. మనిషి 30 రోజులు గైర్హాజరైతే కోర్టు ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. నీ కథ ఉండాల్సింది ఆ 30 రోజుల్లో. రోజురోజుకూ నేరం పెద్దదవుతుంటుంది, ఊళ్లోవాళ్ల పలకరింపు మారుతుంటుంది, కిరాణా కొట్టువాడు అప్పు ఇవ్వడానికి వెనకాడతాడు. సెలవులో జబ్బు చేస్తే దగ్గర్లోని మిలిటరీ ఆస్పత్రికి పోయి చూపించుకోవాలి, మనకైతే సికింద్రాబాద్. పోబుద్ధి కానివాడికి కడుపులో నొప్పి నిజంగానే వస్తుంది. డాక్టర్‌కు ఏమీ దొరకదు. ఆ దృశ్యం రాయగలవా?

ఇట్లాంటి కథలు ఎవరు వేసుకుంటారని నువ్వు అనుకోవచ్చు. నాకు తెలుసు. 1990లలో ములుగు, ఏటూరునాగారం వైపు స్టేషన్లకు బదిలీ అంటే నక్సలైట్ల భయంతో పోలీసుల ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు. సెలవు మీద వచ్చి మళ్లీ పోలేక మంచం పట్టిన ఒక కానిస్టేబుల్ మీద కథ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్, వాడు చివర్లో వీరమరణం పొందితే గణతంత్ర దినం సంచికలో వేస్తానన్నాడు. ఇంకో పత్రికవాళ్లు యూనిఫాం వేసుకున్నవాడి భయం మనకెందుకని తిప్పి పంపారు. అదే పత్రికకు, అడవి నుంచి ఇంటికొచ్చి మళ్లీ దళంలోకి పోవడానికి కాళ్లు రాని పిల్లగాడి కథ పంపితే ఉద్యమానికి నష్టమన్నారు. రెండు వైపులవాళ్లకూ భయం లేని మనిషే కావాలి. అట్లాంటి మనిషి ఈ జిల్లాల్లో నాకు ఎదురుపడలేదు. ఒక్క అక్షరం మార్చలేదు నేను. ఆ కథలు ఏళ్ల తరబడి నా దగ్గరే ఉండి, చివరికి నా సంపుటిలో వచ్చాయి. వాళ్ల మీద కోపం ఇప్పటికీ పోలేదు.

2020 జూన్‌లో చైనా సరిహద్దు దగ్గర గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు, మరో 19 మంది చనిపోయినప్పుడు పత్రికల నిండా కవితలు వచ్చాయి. అన్నీ చదివాను. చనిపోయినవాళ్లకు దండాలు పెట్టారు, మంచిదే. ఆ రాత్రి బతికి బయటపడి, తర్వాత సెలవు మీద ఇంటికొచ్చి, సెలవు అయిపోగానే అదే కొండకు తిరిగి పోవాల్సినవాళ్ల గురించి ఒక్కటీ కనపడలేదు. నువ్వు రాయబోయావు. అందుకే నీ మీద ఇంత ఆశ, ఇంత కోపం.

ప్లాట్‌ఫారం దగ్గర కథ ఆపకు. వాణ్ని రైలెక్కించు, రైలెక్కినంత మాత్రాన పోయినట్టు కాదు. కాజీపేట దాటితే జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం. ప్రతి స్టేషన్‌లోనూ వాడు దిగిపోవచ్చు. మన మాట మాట్లాడేవాళ్లు చాయ్ అమ్ముతుంటారు, ఎదురు సీటులో కుటుంబం సద్ది విప్పుతుంది. గోదావరి బ్రిడ్జి వస్తుంది. మంచిర్యాల, కాగజ్‌నగర్, ఆ తర్వాత బల్లార్షా, అక్కడ భాష మారిపోతుంది. వాడు దిగాడా లేదా అన్నది నువ్వు చెప్పినా సరే, చెప్పకపోయినా సరే. దిగితే పిరికివాడని గానీ, దిగకపోతే వీరుడని గానీ అనకు.

భాష గురించి అడిగావు. మాటలు మీ ఊరి మాటల్లోనే ఉంచు. ఎవరో నవ్వుతారని ‘పోతున్నాను’ అని దిద్దకు. పోయేవాడు ‘పోతున్న’ అనే అంటాడు.

యుద్ధానికి మళ్లీ పోవడం ధర్మమా కాదా, మీ అభిప్రాయమేమిటని ఉత్తరం చివర రాశావు. దానికి నేను జవాబు రాయను.

జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు పో. పెన్షన్ కాగితాల కోసం వచ్చిన రిటైర్డ్ జవాన్లు అక్కడ కనిపిస్తారు. యుద్ధం గురించి అడిగితే వాళ్లు పేపర్లో రాసేదే చెప్తారు. లీవు లిస్టు గురించి అడుగు. ఎవరి బదులు ఎవరు నిలబడ్డారో అడుగు. నోట్‌బుక్ తీయకుండా విను. సర్పంచు ఉపన్యాసం, భార్య మాట, జెండా మూడూ తీసేసి మళ్లీ రాసి పంపు. దసరా తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది. ఆలోపే పంపితే నేనే చదువుకుంటాను, ఇంకొకరి చేత చదివించుకోవడం నాకిష్టం ఉండదు. ఈసారి కాగితానికి ఒక వైపే రాయి, పక్కన నేను రాయడానికి చోటు ఉంచు.

ఆశీస్సులతో,
మీ అమ్మ