దానిమ్మ రసంతో రక్తం పడుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. మూడు నెలల కిందట హిమోగ్లోబిన్ 8.4 ఉంది. రక్తం పడుతుందని అప్పటి నుంచి రోజూ పొద్దున, సాయంత్రం గ్లాసుడు దానిమ్మ రసం వడకట్టి ఇస్తున్నాం. మాకు అనంతపురం దగ్గర తోట ఉంది, కాయలకు కొదవ లేదు. మొన్న పరీక్ష చేయిస్తే 8.1 వచ్చింది. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు మాత్ర తప్ప వేరే మందులేవీ లేవు. రసం పరగడుపున ఇవ్వాలా, భోజనం తర్వాతా? బీట్‌రూట్ కూడా కలపమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: బీట్‌రూట్ సంగతి తర్వాత. అమ్మగారికి అసలు రక్తం ఎందుకు తగ్గింది? మూడు నెలల్లో ఆ మాట ఎవరూ అడిగినట్టు లేదు.

ఈ వయసుకి నెలసరి ఆగిపోయే ఉంటుంది. ఆ తర్వాత కూడా హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గరుంటే, లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమోనని చూడాల్సిందే. మీరు 'తప్ప' అని ఒక్క ముక్కలో దాటేసిన మోకాళ్ల మాత్ర దగ్గరే నాకు అనుమానం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడి, నొప్పి కూడా తెలియకుండా కొద్దికొద్దిగా రక్తం కారొచ్చు. బీపీ పెరగొచ్చు. కిడ్నీలూ దెబ్బతినొచ్చు. టెల్మిసార్టాన్ వాడేవాళ్లలో ఆ భయం ఇంకాస్త ఎక్కువ.

మా దగ్గరికి వచ్చేవాళ్లు 'ఇదే సార్ మాత్ర' అని చీటీలోంచి స్ట్రిప్పు ముక్క తీసి చూపిస్తారు. షాపువాడు కత్తెరతో రెండేసి మాత్రలు కత్తిరించి ఇస్తాడు, పేరున్న భాగం వాడి దగ్గరే మిగిలిపోతుంది. ఏం మింగారో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. కొన్నాళ్లకు ఆయాసమని వస్తారు. డాక్టరుకు చూపించేదాకా ఆ మాత్ర ఆపండి. అంతగా నొప్పి ఉంటే పారాసిటమాల్ సాధారణంగా సరిపోతుంది, అయితే లివర్ జబ్బు ఉంటే దానికీ అడగాలి.

ఇక దానిమ్మ. ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందనుకుంటాం. ఆ ఎరుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది, ఐరన్‌ది కాదు. వంద గ్రాముల గింజల్లో ఐరన్ దాదాపు 0.3 మిల్లీగ్రాములే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్ర ఒక్కదానిలో 60 మిల్లీగ్రాములుంటుంది. ఆ లెక్కన 20 కిలోల గింజలు తినాలి. మీ తోట సరిపోతుందేమో గానీ అమ్మగారి కడుపు సరిపోదు.

అలాగని దానిమ్మ మంచిది కాదని నేననను. పీచు ఉంది, పొటాషియం ఉంది, పాలీఫినాల్స్ ఉన్నాయి. రసం తాగినవాళ్లలో పై బీపీ కొద్దిగా తగ్గినట్టు చిన్న అధ్యయనాల్లో కనిపించింది, అయితే అది మాత్రకు బదులు కాదు. ఇబ్బంది వడకట్టడంతోనే. పీచంతా పిప్పిలో పోయి, గ్లాసులో ఆరు చెంచాల దాకా చక్కెర మిగులుతుంది. బోర్డర్ షుగర్‌కి రోజుకు రెండు గ్లాసులా! కిడ్నీ సరిగా లేకపోతే టెల్మిసార్టాన్‌తో రక్తంలో పొటాషియం పెరగొచ్చు, రసం దానికి తోడవుతుంది. అందుకే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం చూశాకే మాట్లాడాలి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ఎవరైనా సరే, రోజూ రసం మొదలుపెట్టే ముందు తమ డాక్టరుకు చెప్పాలి.

ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించండి. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బీ12, మలంలో రక్తం పరీక్ష రాస్తారు. అవసరాన్ని బట్టి గొట్టంతో కడుపు, పెద్దపేగు లోపల చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ కూడా చెప్పొచ్చు, భయపడి వాయిదా వేయకండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు మాటలు అడగండి: మలం తారులా నల్లగా, జిగటగా వస్తోందా? పచ్చి బియ్యం, బలపం ముక్కలు నమలాలనిపిస్తోందా? రెండోది ఐరన్ లోపంలో మామూలే, సిగ్గుపడి చెప్పరు. మొదటిదానికి అవునంటే, లేదా కళ్లు తిరగడం, గుండెలో నొప్పి, కూర్చున్నా ఆయాసం ఉంటే వారం ఆగొద్దు, ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సొంతంగా ఐరన్ మాత్రలు మొదలుపెట్టొద్దు. వాటితోనూ మలం నల్లబడుతుంది, అసలు గుర్తు మరుగున పడుతుంది. అమ్మగారిని చూడకుండా ఇంతకంటే చెప్పలేను.

మీరడిగినదానికి: పరగడుపునా, భోజనం తర్వాతా అన్నదాంతో పెద్ద తేడా లేదు. రిపోర్టులు వచ్చేదాకా రసం ఆపి, అరకప్పు గింజలు నమిలి తినమనండి. బీట్‌రూట్ కూరగా వండుకోండి, రసంలో వద్దు. వెళ్లేటప్పుడు ఆ షాపుకెళ్లి పూర్తి స్ట్రిప్పు మీద పేరు చూసి రాసుకుని వెళ్లండి.