సైజు సరిగ్గానే ఉంది, లోపల మాత్రం సున్నాలు

ప్రశ్న: విజయవాడలో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేస్తాం. ఫైళ్లన్నీ జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కు మీద ఫైళ్లని దాచి, చూసుకునే వ్యవస్థ) ఉన్న లినక్స్ సర్వర్లో పెడతాం. 2023 దసరా అయ్యాక మా మేనల్లుడు దాన్ని కొత్త వెర్షన్‌కి మార్చాడు. డిజైన్ ఓకే అయ్యాక ఒక స్క్రిప్టు పీడీఎఫ్ తయారుచేసి, వెంటనే పార్టీ పేరున్న ఫోల్డర్లోకి కాపీ చేసి, మొదటిదాన్ని చెరిపేస్తుంది. మొన్న ఒక పాత పార్టీ వచ్చి, రెండో అబ్బాయి పెళ్లికీ అదే డిజైన్ కావాలన్నారు. ఫైలు తెరుచుకోలేదు. వెతికితే అలాంటివి ఇంకో పది. సైజు మాత్రం ఉండాల్సినంత ఉంది. స్క్రబ్ (డిస్కు మీద రాసింది చెడిపోకుండా ఉందా అని జెడ్‌ఎఫ్‌ఎస్ చేసే తనిఖీ) చేస్తే తప్పులేమీ లేవంది. "జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డేటా పాడవదు మామయ్యా, నువ్వే ఏదో నొక్కుంటావ్" అంటున్నాడు మావాడు. డిస్కులు మార్చాలా? ఫైళ్లు తిరిగొస్తాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: డిస్కుల మీద డబ్బు పెట్టకండి. ముందు ఆ పదకొండు ఫైళ్ల తేదీలు చూడండి. అన్నీ ఆ దసరా తర్వాతి రోజులవే అయితే, పీడీఎఫ్ మొదట తయారయ్యే ఫోల్డర్ కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ మీదే ఉంటే, నాకు తెలిసిన దొంగే మీ ఇంట్లోనూ పడ్డాడు. ఆ ఫోల్డర్ జెడ్‌ఎఫ్‌ఎస్ లేని వేరే డిస్కు మీద ఉంటే మాత్రం కారణం ఇంకేదో.

ఒక చిన్న పరీక్ష. పాడైన ఫైలు మీద 'ఎల్ఎస్ -ఎల్' ఆదేశం కొట్టి సైజు చూడండి, తర్వాత అది డిస్కు మీద నిజంగా ఎంత చోటు తీసుకుందో చెప్పే డీయూ ఆదేశం కొట్టండి. మొదటిది రెండు ఎంబీ అని, రెండోది ఒక్క కేబీ దగ్గరే ఆగిపోతే, పుస్తకానికి అట్ట ఉంది, లోపల కాగితాల్లేవు. మొదటినుంచి చివరిదాకా సున్నాలే.

మరి స్క్రబ్ ఎందుకు పట్టుకోలేదు? ఖాళీ కాగితాన్ని మీరే లామినేషన్ చేయించారనుకోండి. లామినేషన్ చెక్కుచెదరలేదని చెప్పడమే స్క్రబ్ పని. కాగితం మీద ఏం ఉండాలో దానికి తెలీదు. జెడ్‌ఎఫ్‌ఎస్ తనను ఖాళీ రాయమంటే ఖాళీనే రాసింది, చాలా జాగ్రత్తగా.

ఇక అసలు సంగతి. రాయమన్నది రాయమన్న వెంటనే డిస్కుకి ఎక్కించదు జెడ్‌ఎఫ్‌ఎస్. మెమరీలో పోగుచేసి, మామూలుగా ఐదు సెకన్లకోసారి గంపగుత్తగా డిస్కు మీదికి దించుతుంది. అప్పటిదాకా ఆ ఫైలు తడి ఆరని షీటు లాంటిది. ఈ తడికి లోపల రెండు గుర్తులుంటాయి. ఒకటి ఫైలు మీదే ఉంటుంది, మీ ఆర్డరు పుస్తకంలో జాబు నంబరు పక్కన గుర్తు లాగా. రెండోది దించాల్సిన డేటాకి కట్టిన చీటీలు. దించే పని నడుస్తుండగా ఒక క్షణం వస్తుంది: పుస్తకంలో గుర్తు చెరిగిపోయింది, చీటీలు ఇంకా ఉన్నాయి. సరిగ్గా అప్పుడు కాపీ ప్రోగ్రామ్ వచ్చి, "ఈ ఫైల్లో డేటా ఎక్కడ మొదలవుతుంది?" అని అడుగుతుంది. ఈమధ్య లినక్స్‌లో కాపీ ఆదేశం ఈ ప్రశ్న అడిగాకే పని మొదలుపెడుతుంది, ఖాళీ చోట్లను ఊరికే మోయడం ఎందుకని. జెడ్‌ఎఫ్‌ఎస్ పుస్తకం ఒక్కటే చూసి, తడి లేదనుకుని, డిస్కు మీద వెతుకుతుంది. అక్కడ ఇంకా ఏమీ లేదు. "డేటా లేదు" అని చెప్పేస్తుంది. అంతే, కాపీ ప్రోగ్రామ్ అదే సైజులో ఖాళీ ఫైలు చేసి పెట్టి, పని అయిందనుకుని వెళ్లిపోతుంది. మీ స్క్రిప్టు తయారుచేసిన మరుక్షణమే కాపీ చేస్తోంది చూశారా, అందుకే దొరికిపోయింది. చేత్తో, తీరిగ్గా చేసిన కాపీలకి ఈ బెడద దాదాపు లేదు.

ఇది లోకానికి తెలిసింది 2023 నవంబరులో. జెంటూ అనే రకం లినక్స్ వాడేవాళ్లకి గో అనే ప్రోగ్రామింగ్ భాష కంపైలర్ ఇన్‌స్టాల్ చేస్తే కొన్ని ఫైళ్లలో సున్నాలు వచ్చాయి. అక్టోబరులో వచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2.0 వెర్షన్‌లో బ్లాక్ క్లోనింగ్ అని కొత్త సదుపాయం ఉండేది, కాపీ చేసినప్పుడు డేటాని మళ్లీ రాయకుండా పాతదాన్నే పంచుకోవడం. కొత్త కోడలు కదా, నింద దాని మీదే పడింది. నవంబరు 21న 2.2.1 విడుదలచేసి దాన్ని ఆపేశారు. నేనూ నమ్మి, మా ఆఫీసు సర్వర్లకి అదే ఎక్కించి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. పొద్దున్నే తెలిసింది, క్లోనింగ్ ఊసే లేని పాత 2.1లో, లినక్స్ కాని ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కూడా ఇది జరుగుతోందని. తప్పు ఇంట్లో ఏళ్లనుంచీ ఉన్నదే.

తర్వాత రెండు రాత్రులు నా తెలివి ఇంకో రకంగా వెలిగింది. సున్నాల వరస ఉన్న ఫైళ్లన్నీ వెతికే స్క్రిప్టు రాశాను. వేలల్లో వచ్చాయి. తెరిచి చూస్తే ప్రోగ్రామ్ ఫైళ్లు, డేటాబేస్ ఫైళ్లు, సహజంగానే సున్నాలుండేవి. మీరు ఆ పని పెట్టుకోకండి. పీడీఎఫ్‌లకి పైన చెప్పిన డీయూ పరీక్ష చాలు.

నెలాఖరున వచ్చిన 2.2.2, 2.1.14 వెర్షన్లలో సరిచేశారు. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రోగ్రామర్ రాబ్ నారిస్ రాసిన దిద్దుబాటు వేలెడంత. గుర్తు ఉందా, లేదా చీటీలున్నాయా, రెండూ చూడు అని. తమాషా ఏమిటంటే ఇన్నేళ్లలో ఈ తనిఖీని ఒకసారి అటు, ఒకసారి ఇటు మార్చుకుంటూ వచ్చారు. రెండూ కావాలని అప్పుడు తేలింది.

మీ వాడిని వెర్షన్ చూడమనండి. 2.2 వరసలో 2.2.2 కంటే, 2.1 వరసలో 2.1.14 కంటే పాతదైతే ఇవాళే మార్చాలి. స్క్రిప్టులో చెరిపే ముందు రెండు ఫైళ్లనీ పోల్చే ఒక్క లైను పెట్టించండి, సీఎంపీ అనే ఆదేశం ఆ పనికే ఉంది. అది అప్పుడే ఉండుంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

పోయిన ఫైళ్ల సంగతి. ఖాళీ కాపీలోంచి ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ తీయలేదు, తీస్తామని డబ్బడిగేవాళ్లని నమ్మకండి. పాడైంది కాపీయే, మూలం బాగానే ఉండేది. కాబట్టి మూలం ఉన్న ఫోల్డరుకి ఆనాటి స్నాప్‌షాట్ (అప్పుడున్నది ఉన్నట్టు జెడ్‌ఎఫ్‌ఎస్ దాచిపెట్టిన రూపం) ఏదైనా మిగిలుందేమో చూడండి. లేకపోతే ఆ డిజైన్ వేసిన కోరల్‌డ్రా ఫైలు వెతకండి. అది అంతకు ముందెప్పుడో సేవ్ అయింది, దానికి ఈ గండం తగిలి ఉండదు, మళ్లీ పీడీఎఫ్ చేసుకోవచ్చు. అదీ లేదంటారా, పెద్దబ్బాయి శుభలేఖ ఒకటి ఆ పార్టీ ఇంట్లో బీరువాలో ఉండే ఉంటుంది. పట్టుకురమ్మనండి, స్కాన్ చేసుకుందురు.