టెన్త్ పాసైన బీడీ కార్మికురాలి కూతురు చదువు ఆపకుండా ఉండాలంటే ఏ సాయం వస్తుంది, ఎలా తెచ్చుకోవాలి?

ప్రశ్న: మాది ఆర్మూర్ దగ్గర పల్లె. మా మేనకోడలు ఊరి జెడ్పీ స్కూల్లో చదివి టెన్త్ పాసైంది, 600కి 418 వచ్చినయి. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్ష రాస్తే ఎంపికైంది, రెండేళ్లు డబ్బు పడింది. మా అక్క బీడీలు చుడుతది, బావది కూలి పని. బీసీలం. "ఇగ చాలు, ఇంట్ల కూసొని బీడీలు చుట్టని" అంటున్నరు. పాలిసెట్ కూడా రాసింది. ఇంటర్‌కు పంపితే మంచిదా, పాలిటెక్నిక్‌కా? సర్కారు నుంచి ఎంత వస్తది, ఎట్ల తెచ్చుకోవాలె?

జవాబు: స్కాలర్‌షిప్ డబ్బు ఏదైనా సరే జూన్‌లో చేతికి రాదు. దరఖాస్తు, కాలేజీ పరిశీలన, జిల్లా ఆఫీసు, మంజూరు అన్నీ దాటి ఖాతాలో పడేసరికి ఆ చదువు ఏడాది చాలావరకు గడిచిపోతుంది. ఖర్చు మాత్రం జూన్‌లోనే మొదలవుతుంది. ఆడపిల్లల చదువు ఆగిపోయేది చాలా ఇళ్లలో ఈ మొదటి నాలుగైదు నెలల్లోనే. అందుకే మీ అక్కాబావలతో మాట్లాడేటప్పుడు "ఎంత వస్తుంది" అని మొదలుపెట్టకండి. "మన జేబులోంచి ఎంత పెట్టక్కర్లేదు" అని మొదలుపెట్టండి. ఆ లెక్క మొదటి రోజు నుంచే పనిచేస్తుంది.

సర్కారు జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు, పాఠ్యపుస్తకాలు ఉచితం. బస్సుకు అమ్మాయి పైసా కట్టక్కర్లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు జీరో టికెట్ ఉంది. ఆధార్‌లో చిరునామా తెలంగాణది అయివుంటే చాలు. మీ ఊరి నుంచి కాలేజీకి పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చేలా బస్సు ఉంటే సగం సమస్య అక్కడే తీరింది.

బస్సు సరిగ్గా లేకపోతే బీసీ సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్ అడగండి. ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కో విద్యార్థికి మెస్ చార్జీ నెలకు 1,500 ఉండేది, 2024లో 2,100 చేశారు. పది నెలలకు 21,000. ఈ డబ్బు ఎవరి చేతికీ రాదు. కానీ అమ్మాయి తిండి ఖర్చు ఇంటి మీద పడదు, రోజూ రాకపోకల భయమూ ఉండదు. సీట్లు తక్కువ, కాలేజీలో అడ్మిషన్ అయిన వారంలోనే హాస్టల్ దరఖాస్తు పెట్టాలి. మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాల్లో, కొన్ని కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ కూడా ఉంది, అక్కడ చదువు, తిండి, వసతి అన్నీ ఉచితం. అయితే గురుకులంలో చేరే ముందు తర్వాతి రెండు పేరాలు చదవండి.

ఎన్‌ఎంఎంఎస్ పదో తరగతితో అయిపోలేదు. చాలామంది అయిపోయిందనుకుని వదిలేస్తున్నారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పొరపాటు ఇదే. అది 9 నుంచి 12 దాకా నాలుగేళ్ల స్కాలర్‌షిప్, ఏడాదికి 12,000. అంటే ఇంటర్‌లో ఇంకా 24,000 మీ మేనకోడలి పేరు మీద ఉంది. కొనసాగాలంటే టెన్త్‌లో 60 శాతం రావాలి, అంటే 360 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు, బీసీలకు లేదు. 418తో ఈ అమ్మాయి దాటేసింది. ఇంటర్ మొదటి ఏడాది అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసవ్వాలి, సప్లిమెంటరీలో పాసైతే రెండో ఏడాది డబ్బు ఆగుతుంది.

అసలు మెలిక కాలేజీ ఎంపికలో ఉంది. ఈ స్కాలర్‌షిప్ సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో చదివేవాళ్లకే. ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరిన రోజునే అర్హత పోతుంది. వసతితో కూడిన గురుకులంలో చేరినా పోతుంది. పాలిటెక్నిక్ లాంటి డిప్లొమా కోర్సులకూ వర్తించదు. గురుకులం సీటు వస్తే 12,000 పోయినా నష్టం లేదు, అక్కడ దొరికేది అంతకన్నా ఎక్కువ. కానీ ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి "ఫీజంతా రీయింబర్స్‌మెంట్‌లో పోతుంది" అంటే మాత్రం నమ్మి సంతకం పెట్టొద్దు. ప్రైవేటు ఇంటర్ కాలేజీ వసూలు చేసేది ఒకటి, సర్కారు లెక్కలో తిరిగొచ్చే ట్యూషన్ ఫీజు వేరొకటి. రెండోది మొదటిదానిలో చిన్న ముక్క. ఆ ముక్క కూడా ఏళ్ల తరబడి బకాయి పడుతుంది. ఈలోపు కాలేజీ టీసీ, మెమో ఆపి పెడుతుంది.

ఎన్‌ఎంఎంఎస్ రెన్యువల్ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. కొత్త దరఖాస్తు కాదు, రెన్యువల్. పాత ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) నంబర్‌తో లాగిన్ అయి, పాత స్కూల్ స్థానంలో కొత్త కాలేజీని ఎంచుకోవాలి. ఇక్కడే చిక్కు. కాలేజీకి యూడైస్ కోడ్ (విద్యాసంస్థలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి, పోర్టల్‌లో ఆ కాలేజీ నోడల్ అధికారి రిజిస్టర్ అయివుండాలి. ఎన్‌ఎంఎంఎస్ అంటే హైస్కూళ్ల వ్యవహారం అన్న అలవాటు వల్ల కొన్ని జూనియర్ కాలేజీల్లో ఆ లాగిన్ ఏడాది పొడవునా ఎవరూ తెరవరు. అమ్మాయి దరఖాస్తు పెట్టాక కాలేజీ ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి, ఆ తర్వాత డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు ధ్రువీకరించాలి. మొదటి మెట్టు గడువు దాటితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. కాబట్టి దరఖాస్తు ప్రింట్ తీసుకుని ప్రిన్సిపాల్‌ను కలిసి "సార్, నోడల్ లాగిన్‌లో మా అమ్మాయి పేరు కనబడుతుందా చూడండి" అని అడగండి. స్టేటస్‌లో "డిఫెక్టివ్" అని వస్తే తిరస్కరించినట్టు కాదు. తప్పు దిద్ది మళ్లీ పంపమని అర్థం, దానికి కూడా గడువుంటుంది. పది రోజులకోసారి లాగిన్ అయి చూడండి.

ఇక తెలంగాణ ఈపాస్, అంటే రాష్ట్ర సర్కారు స్కాలర్‌షిప్ పోర్టల్. ఇందులో రెండు భాగాలు: ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్, మెయింటెనెన్స్ (తిండి, ఖర్చులకు ఇచ్చే డబ్బు). బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 1,50,000, పట్టణాల్లో 2,00,000. హాజరు 75 శాతం ఉండాలి. సర్కారు కాలేజీలో ఫీజే లేదు కాబట్టి మిగిలేది మెయింటెనెన్స్. వేరే చోట నుంచి అంతకన్నా ఎక్కువ స్టైపెండ్ తీసుకునేవాళ్లకు ఈపాస్ వర్తించదు కనుక రెండూ కలిపి లెక్క వేసుకోవద్దు. ఇంటి నుంచి బస్సులో వెళ్లి చదివితే ఎన్‌ఎంఎంఎస్ లాభం. దూరమై హాస్టల్‌లో ఉండాల్సి వస్తే ఈపాస్, హాస్టల్ దారే లాభం.

ఇదే పేదరికంలో ఉన్న ఎస్సీ పిల్లల సంగతి కూడా చెప్తాను, చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది. కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకంలో ఆదాయ పరిమితి 2,50,000. ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్ వాళ్లకు అకడమిక్ అలవెన్స్ హాస్టల్‌లో ఉంటే ఏడాదికి 4,000, ఇంటి నుంచి వెళ్తే 2,500. కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాకే వస్తుంది.

పాలిటెక్నిక్ సంగతి. సర్కారు పాలిటెక్నిక్‌లో సీటొస్తే నేను దాని వైపే మొగ్గుతాను, కారణం ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా చదివే ఆడపిల్లలకు ఏడాదికి 50,000. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. అందరికీ రాదు, రాష్ట్రాలవారీ కోటాలో మెరిట్ ప్రకారం ఎంపిక ఉంటుంది. అయినా పెట్టి తీరాలి. మొదటి ఏడాదిలోనే పెట్టాలి. రెండో ఏడాదికి తెలిసి అడిగితే కుదరదు, లాటరల్ ఎంట్రీలో, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకే ఆ వెసులుబాటు. ప్రగతి తీసుకునేవాళ్లు వేరే సర్కారు స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. రాకపోతే ఈపాస్ దారి ఎలాగూ ఉంది.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే సాయం ఒకటుంది. 11, 12 తరగతులకు ఏడాదికి 3,000. ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీకి 6,000. ప్రొఫెషనల్ కోర్సులకు 25,000. దరఖాస్తు అదే నేషనల్ పోర్టల్‌లో. మీ అక్కకు బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి, కనీసం ఆరు నెలల సర్వీసు, నెల ఆదాయం 10,000 దాటకూడదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఇళ్లలో కార్డు ఒకరి పేరున, చుట్టేది ఇంకొకరు అన్నట్టు చాలాచోట్ల ఉంటుంది. నాయనమ్మ పేరున ఉన్న కార్డుతో మనవరాలికి రాదు, తల్లి పేరునో తండ్రి పేరునో ఉండాలి. ఇక్కడా రెండో స్కాలర్‌షిప్ కుదరదు. మీ మేనకోడలు ఇంటర్‌లో ఎన్‌ఎంఎంఎస్ వదిలి దీనికి పెడితే 9,000 నష్టం. ఆమె తమ్ముడో చెల్లెలో బడిలో ఉంటే వాళ్లకు పెట్టించండి, 9, 10 తరగతులకు 2,000 వస్తుంది.

ఇప్పుడు ఎక్కడ చెడుతుందో చెప్తాను, ఎందుకంటే అర్హత లేక ఆగిన దరఖాస్తుల కన్నా కాగితాల దగ్గర ఆగినవే ఎక్కువ.

పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివర పడుతుంది. ఈపాస్ టెన్త్ హాల్‌టికెట్ నంబర్‌తో వివరాలు లాగి ఆధార్‌తో పోలుస్తుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందుకు పోదు. మెమోనే ఆధారంగా పెట్టి ఆధార్ మార్పించండి, ఆ తర్వాత బ్యాంకులో మార్పించండి. మెమో మార్పించే పని పెట్టుకోవద్దు, అది నెలలు పడుతుంది.

వేలిముద్ర. పదిహేనేళ్లు నిండిన పిల్లలు ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప, ఫొటో మళ్లీ ఇవ్వాలి. 15 నుంచి 17 మధ్య ఇస్తే ఉచితం. ఇవ్వకపోతే చిన్నప్పటి వేలిముద్రే రికార్డులో ఉంటుంది. ఈపాస్ బయోమెట్రిక్ దగ్గర మిషన్ ఎన్నిసార్లు నొక్కినా "మ్యాచ్ కాలేదు" అంటుంది. టెన్త్ సెలవుల్లోనే ఇది చేయించాలి. ఇంకో విషయం, ఆకు కత్తిరించి, తంబాకు చుట్టి, దారం బిగించి అరిగిన వేళ్లకు గీతలు సరిగ్గా పడవు. మీ అక్కకు బ్యాంకులో ముద్ర పడకపోతే కంటిపాపతోనో ముఖంతోనో చేయమని అడగండి. అమ్మాయి కూడా చుట్టే పనిలో ఉంటే, ముద్ర వేసే రెండు మూడు రోజుల ముందు నుంచి ఆ పని మాన్పించి, వేళ్లకు కొబ్బరినూనె రాయించి, వేసే ముందు సబ్బుతో కడిగి తుడిపించండి.

బ్యాంకు. ఖాతాకు ఆధార్ ఇచ్చాం అనుకోవడం వేరు, ఎన్‌పీసీఐలో (ఆధార్ ద్వారా వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చూసే సంస్థ) ఆ ఖాతా ఎక్కడం వేరు. డబ్బు వెళ్లేది చివరగా ఎన్‌పీసీఐలో ఎక్కిన బ్యాంకుకే, దరఖాస్తులో రాసిన ఖాతాకు కాకపోవచ్చు. మైఆధార్ సైట్‌లో లాగిన్ అయి "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చూస్తే ఏ బ్యాంకో, యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుంది. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతాలో ఎప్పుడూ 50,000కు మించి నిల్వ ఉండకూడదు, ఏడాదిలో లక్షకు మించి జమ కాకూడదు. అందులో ముందే 200 రూపాయలుండి ప్రగతి 50,000 వస్తే డబ్బు వెనక్కి పోతుంది. బ్యాంకుకు పోయి పూర్తి కేవైసీ చేయించండి. వరంగల్, ఖమ్మం, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు ఇంకొకటి చూడాలి. తెలంగాణలోని ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ రాయకండి, కొత్తది అడిగి రాయండి.

ఆదాయ ధ్రువపత్రం ఏడాదికే చెల్లుతుంది, మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దారు ఇస్తారు. కుల ధ్రువపత్రం ఒకసారి తీస్తే చాలు. ఆదాయపత్రం జూన్ మొదటి వారంలోనే పెట్టండి. గడువు ముంచుకొచ్చేసరికి మండలమంతా ఒకేసారి మీసేవకు వస్తుంది.

ఆంధ్రలో ఉన్నవాళ్లకు దారి వేరు. అక్కడ తల్లికి వందనం ఇంటర్ దాకా ఉంది. పిల్లకు 15,000లో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది, 2,000 బడి నిర్వహణకు పోతుంది. హాజరు 75 శాతం ఉండాలి. పాలిటెక్నిక్, ఐటీఐ వాళ్లకు అది కాదు, జ్ఞానభూమి (అక్కడి స్కాలర్‌షిప్ పోర్టల్)లో ఫీజు రీయింబర్స్‌మెంట్.

చివరగా ఫోన్ నంబర్. నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టించేటప్పుడు తొందరలో ఆ సెంటర్ అబ్బాయి తన నంబరే ఇచ్చేస్తాడు, ఓటీపీ తనకే వస్తుంది కాబట్టి పని త్వరగా అవుతుంది. మరుసటి ఏడాది రెన్యువల్‌కు లాగిన్ అవుదామంటే ఓటీపీ వాళ్లకు పోతుంది, సెంటర్ మూసేసి ఉంటే ఇంకా కష్టం. ఇంట్లో ఎప్పుడూ రీచార్జ్ ఆగని నంబర్ ఒకటి, మీదైనా సరే, అన్నిచోట్లా అదే ఇవ్వండి. ఓటీఆర్ నంబర్, ఈపాస్ దరఖాస్తు నంబర్, టెన్త్ హాల్‌టికెట్ నంబర్, పాస్‌వర్డ్ ఒక నోట్‌బుక్‌లో అమ్మాయి చేత రాయించండి. మీ మేనకోడలికి ఎన్‌ఎంఎంఎస్ తొమ్మిదిలో ఎవరి నంబర్‌తో పెట్టారో ఈరోజే మీ అక్కను అడగండి. వేరేవాళ్లదైతే రెన్యువల్ తెరుచుకునేలోపు దాన్ని మార్పించాలి.