న్యూపోర్ట్‌లోని ‘బ్రేకర్స్’ భవనం ఇప్పటికీ వాండర్‌బిల్ట్ కుటుంబానిదేనా?

కాదు, అమెరికాలోని న్యూపోర్ట్‌లో ఉన్న ఈ 70 గదుల మ్యూజియం 1972 నుంచి అక్కడి పరిరక్షణ సంస్థ సొంతం. రైల్వేల్లో గడించిన డబ్బుతో రెండో కార్నీలియస్ వాండర్‌బిల్ట్ 1895 నాటికి దీన్ని వేసవి విడిదిగా కట్టించాడు. (దీన్ని ‘కాటేజీ’ అనేవాళ్లు!) పనివాళ్ల జీతాలు, పన్నులు, రిపేర్లు కలిపితే ఇలాంటి ఇంటి ఖర్చు తడిసి మోపెడవుతుంది. పాత భవనాలను కాపాడే ఆ సంస్థకు నాలుగు డబ్బులు రావాలని ఆయన కూతురు గ్లాడిస్ 1948లో ఏడాదికి ఒక్క డాలరుకే లీజుకిచ్చింది. తర్వాత వారసుల దగ్గర సంస్థే కొనేసింది.

ఇంటి దర్జా తెలియాలంటే స్నానాల తొట్టి చూస్తే చాలు. దానికి నాలుగు కుళాయిలు: మంచినీళ్లకు వేడిది, చల్లది, సముద్రపు నీళ్లకు మళ్లీ వేడిది, చల్లది.

2018 దాకా పై అంతస్తులో వారసులు ఉండటంతో ఇల్లు వాళ్లదేనని చాలామంది పొరబడతారు. వాళ్లకు దక్కింది అక్కడ ఉండే వీలు మాత్రమే, ఇంటి మీద యాజమాన్యం కాదు. కార్నీలియస్ తమ్ముడు జార్జ్ నార్త్ కరోలినాలో కట్టించిన బిల్ట్‌మోర్ భవనం సంగతి వేరు. అదైతే నేటికీ వారసులదే.