మరచెంబు దీపానికి మూడో తీగ

ప్రశ్న: మా అత్తగారి పాత ఇత్తడి మరచెంబు అటక మీద పడి ఉంది. దాన్ని టేబుల్ ల్యాంపుగా చేయించి, సంతలో కొన్న వెదురు బుట్టను పైన బోర్లించాలని ఉంది. రెండు తీగల వైరు చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, షాక్ కొడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. ప్లాస్టిక్ దీపమైతే రెండు తీగలకు నేనూ ఒప్పుకునేవాణ్ణి. ఇత్తడికి ఒప్పుకోను. ఐటీఐలో వైరింగ్ నేర్పినన్నాళ్లూ పిల్లలకు మొదటి రోజే చెప్పేవాణ్ణి: చేతికి తగిలే లోహానికి ఎర్త్, అంటే కరెంటును భూమిలోకి పంపే మూడో తీగ, ఉండాల్సిందే. లోపల కరెంటు తెచ్చే ఫేజు తీగ తోలు ఊడి చెంబుకు తగిలిందనుకోండి, చెంబంతా 230 వోల్టులు. బల్బు మాత్రం మామూలుగానే వెలుగుతుంటుంది, ముట్టుకునేదాకా ఎవరికీ తెలియదు. ఎర్త్ సరిగ్గా ఉంటే కరెంటు అటు పారి ఫ్యూజు పోతుంది, లేదా ఎంసీబీ (కరెంటును దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోతుంది.

అందుకని మూడు కోర్ల వైరు (లోపల మూడు తీగలుండేది), మూడు పిన్నుల ప్లగ్గు తెప్పించండి. చెంబు వెనక, అడుగుకు కాస్త పైన రంధ్రం వేయించి, అంచును ఆకురాయితో రుద్దించి, రబ్బరు బుష్ తొడిగించండి. బుష్ లేకపోతే ఇత్తడి అంచే వైరు తోలును కోసేస్తుంది. వైరుకు లోపలివైపు ఒక ముడి వేయిస్తే, ఎవరైనా లాగినా హోల్డరు మీద బరువు పడదు. ఎర్త్‌కు వాడే ఆకుపచ్చ తీగను చెంబుకే, చిలుము గీకిన చోట, బోల్టుతో బిగించాలి. మూత మీద ప్లాస్టిక్ హోల్డరు పెట్టించండి.

తర్వాత, ప్లగ్గు సాకెట్‌లో పెట్టకుండానే, దాని లావు పిన్నుకూ (ఎర్త్ పిన్ను అదే) చెంబుకూ మధ్య మల్టీమీటరు పెట్టి చూడమనండి, బీప్ రావాలి. మూత దగ్గర రాకపోతే చెంబు నుంచి దానికి ఇంకో తీగ ముక్క కలపాలి. గోడ సాకెట్‌నూ పరీక్ష చేయించండి. పాత ఇళ్లలో ఎర్త్ కోసం పై కన్నం ఉంటుంది గానీ కొన్నిచోట్ల దాని వెనక తీగే ఉండదు.

వెదురు కింద 60 వాట్ల పాత బల్బు వద్దేవద్దు. అది తినే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. 5 లేదా 7 వాట్ల ఎల్‌ఈడీ, వార్మ్ వైట్ పెట్టండి. అల్లిక నీడలు గోడంతా పరుచుకుంటాయి, చాలా బాగుంటుంది. అడుగున పొడి ఇసుక మూట పెడితే పిల్లల చేయి తగిలినా తొందరగా పడదు. మెరుగు పెట్టాలనిపిస్తే ప్లగ్గు పీకి పొడిబట్టతో తుడవండి. చింతపండు, నీళ్లు ఇక దానికి వద్దు.