కోబాల్ట్ క్లోరైడ్ ఇస్తే తొండకి షుగర్ ఎందుకు పెరుగుతుంది?

తిరుపతిలో డిగ్రీ జువాలజీ చదివే తమ్ముడి ప్రశ్న ఇది. మన క్లోమంలో హార్మోన్లు తయారుచేసే కణాల్లో ఇన్సులిన్ ఇచ్చే బీటా కణాలే ఎక్కువ, కానీ అలిపిరి దారిలో బండలెక్కి తలాడించే తొండలాంటి బల్లి జాతుల్లో చాలావాటికి గ్లూకగాన్ తయారుచేసే ఆల్ఫా కణాలదే పైచేయి. కోబాల్ట్ దెబ్బ ముఖ్యంగా వీటికే. కణంలో గ్లూకగాన్ దాచుకున్న రేణువులు ఖాళీ అయ్యి, అది రక్తంలోకి వచ్చి, కాలేయం దాచుకున్న గ్లైకోజన్‌ని గ్లూకోజ్‌గా విడగొట్టిస్తుంది కాబట్టి షుగర్ లేస్తుంది, అదీ కొంతసేపే. అలాగని కోబాల్ట్ ఆల్ఫా కణాల్ని మాత్రమే ముడుతుందంటే నేను ఒప్పుకోను. కోబాల్ట్ అయాన్లు కాల్షియం దారుల్ని మూసేస్తాయి, కాల్షియం లోపలికి రాకపోతే బీటా కణం ఇన్సులిన్‌ని వదిలే వీలుండదు. అన్నట్టు, ఎలుకల్లో బీటా కణాల్ని చంపే అలోక్సాన్ అనే రసాయనానికి బల్లులు అంత తేలిగ్గా లొంగవు.