వెనకద్దం మీద తెలుగు అక్షరం

ప్రశ్న: ఉద్యోగం మారి బరంపురం వచ్చాం. కారు వెనకద్దం మీద ఇంటిపేరు తెలుగులో వేయించాలి. ఎలాంటి స్టిక్కర్ అడగాలి?

జవాబు: ఇచ్ఛాపురం దాటి సుమారు పాతిక కిలోమీటర్లే వచ్చారు గానీ, తెలుగు స్టిక్కర్ దగ్గర మాత్రం పూర్తి ఎన్నారైలే. సరుకు అక్కడా ఇక్కడా ఒకటే. చిక్కంతా అక్షరంతోనే.

ప, స, హ లాంటి వాటికి తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. మెషిన్ కోశాక చుట్టూ మిగిలిన వినైల్ (స్టిక్కర్ చేసే ప్లాస్టిక్ పొర) పీకేటప్పుడు ఆ చిన్న ముక్కా చెత్తతో పాటు లేచిపోతుంది. ఒడియా మాత్రమే చదవగల షాపు కుర్రాడికి అది పోయిందనే తెలీదు. అందుకే పీకే పని అయ్యాక, పైన ట్రాన్స్‌ఫర్ టేపు (అక్షరాలన్నిటినీ ఒకేసారి అద్దం మీదికి చేర్చే టేపు) వేయకముందే మీరే అక్షరం అక్షరం చదువుకోండి. షాపులో తెలుగు ఫాంట్ లేకపోతే వత్తులు చెదిరిపోతాయి. ఇంటి దగ్గరే డిజైన్ చేయించి, అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతలుగా) మార్చిన పీడీఎఫ్ పట్టుకెళ్లండి. వత్తు అక్షరాన్ని తాకే చోట గీతలు ఒకదాని మీద ఒకటి పడితే కట్టర్ రెండూ కోసేసి మధ్యలో చీలిక పెడుతుంది. ముందుగా ‘వెల్డ్’ చేయమనండి, అంటే రెండు గీతలనూ ఒకే ఆకారంగా కలపమని. గీత మందం 2 మిల్లీమీటర్లకు తగ్గితే నాలుగు సార్లు కడిగేసరికి కొసలు లేస్తాయి.

ఇక సరుకు. అందరూ ‘రేడియం’ అంటారు గానీ అందులో రేడియమేమీ ఉండదు. వేడి రోలర్ల మధ్య సాగదీసి చేసేది క్యాలెండర్డ్ వినైల్. ఎండ తగిలేకొద్దీ అది మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది, అంచు వెనక్కి జరిగి జిగురు బయటపడుతుంది, దాని మీద దుమ్ము నల్లగా పడుతుంది. అందులో చవక రకం మోనోమెరిక్, మెరుగైనది పాలిమెరిక్. ద్రవంగా పోసి ఆరబెట్టి చేసేది కాస్ట్ వినైల్. సుమారు 50 మైక్రాన్ల మందం, ముడుచుకోవడం చాలా తక్కువ. అద్దం చదునుగా ఉంటే ఒరాకల్ కంపెనీ 651 లాంటి క్యాలెండర్డ్ సరిపోతుంది, కాస్ట్‌కు అంత డబ్బు దండగ. అద్దం బాగా వంపు తిరిగి ఉంటేనే 951 లాంటి కాస్ట్ అడగండి. పేరు చెప్పగానే నమ్మేయకుండా రోల్ వెనక కాగితం మీద ముద్ర చూడండి. కంపెనీ చెప్పే ఏళ్లు మధ్య యూరప్ వాతావరణంలో నిలువుగా అంటించినదానికి చెప్పే లెక్క. గంజాం ఎండకు అందులోంచి కొంత కోసుకోవాలి.

అద్దమంతా కప్పే చిల్లుల స్టిక్కర్ వద్దు. దాని మీద రాసే 60/40 అంటే చిల్లులు 40 శాతమే, వెలుతురూ అంతకు మించి రాదు. 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 100వది వెనకద్దానికి కనీసం 70 శాతం అడుగుతుంది. పైగా వానలో చిల్లుల్లో నీరు నిలిచి వెనక ఏమీ కనబడదు. కిందికి దిగే తలుపు అద్దాల బయట కూడా వద్దు, రబ్బరు రాసుకుని బేగి ఊడుతుంది.

అంటించేది ఉదయం, నీడలో. అద్దం కాలుతుంటే జిగురు తగిలిన చోటే పట్టేస్తుంది, సర్దుకోవడానికి వీలుండదు. కోరాపుట్ కొండల్లో ఉండేవాళ్లకు తిప్పలు తలకిందులు: డిసెంబరు తెల్లవారుజామున చలి 10 డిగ్రీల కిందికి దిగితే జిగురు పట్టదు, ఎండెక్కాక చేయండి. సబ్బు నీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లీటరు నీళ్లలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ కలిపి చల్లండి. వెనక కాగితం తీసి స్టిక్కర్‌ను అద్దానికి ఆనించి, మధ్య నుంచి అంచులకు స్క్వీజీ (నీళ్లు నెట్టే పలక) లాగండి. పావుగంట ఆగి టేపును తన మీదకే మడుస్తూ, అద్దానికి ఆనించి మెల్లగా తీయండి. పైకి లాగితే అక్షరం కూడా వస్తుంది. రెండు రోజులు కడగొద్దు.

పాతది తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి గోటితో లేపండి. బ్లేడు మాత్రం ఒగ్గేయండి. లోపలి వైపు అంటించినదైతే మరీను, డీఫాగర్ గీతలు (అద్దం మీది మంచు పోగొట్టే సన్నని వేడి తీగలు) తెగుతాయి.